ఇయర్‌ఫోన్ తీశాక ల్యాప్‌టాప్ ఎందుకు మూగబోతుంది? జాక్ లోపలి రేకు కథ

ఈరోజు టాపిక్ మీలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి ఇయర్‌ఫోన్ పెట్టి సినిమా చూశారు, లేదా మీటింగ్ అటెండ్ అయ్యారు. పని అయిపోయింది, వైరు లాగేశారు. ఇప్పుడు స్పీకర్లలోంచి సౌండ్ రావాలి కదా. రాదు. వాల్యూమ్ వందకి పెడతారు, అయినా రాదు. మళ్లీ ఇయర్‌ఫోన్ పెడితే అందులో మాత్రం చక్కగా వినిపిస్తుంది. తీసేస్తే మళ్లీ నిశ్శబ్దం.

అప్పుడు ఎవరైనా అనుకునేది ఒక్కటే, స్పీకర్లు పోయాయని. కానీ లక్షణాలు సరిగ్గా ఇవే అయితే చాలాసార్లు స్పీకర్లకి ఏమీ అయి ఉండదు. ఇయర్‌ఫోన్ ఇంకా గుచ్చే ఉందని ఆ మెషీన్ నమ్ముతోంది, అంతే. నమ్మినంతసేపు అది స్పీకర్ల నోరు నొక్కే ఉంచుతుంది.

ఎందుకు అలా నమ్ముతుంది? అసలు ఇయర్‌ఫోన్ పెడితే స్పీకర్ ఆగాలి అనే ఏర్పాటు ఎవరు చేశారు? ఇది నేను సరదాకి వెతకడం మొదలుపెట్టి, చివరికి ల్యాప్‌టాప్‌కి వందేళ్ల ముందున్న టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ దాకా వెళ్లాను. రిపేర్ చిట్కాలు కూడా చెప్తాను, కంగారు పడకండి. కథ తెలిస్తే ఆ చిట్కాల్లో ఏది ఎందుకు పనిచేస్తుందో మీకే అర్థమవుతుంది.

1878 జనవరి 28. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం, న్యూ హేవెన్ అనే ఊరు. జార్జ్ కోయ్ అనే ఆయన అక్కడ మొదటి కమర్షియల్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ తెరిచాడు. చందాదారులు 21 మంది. ఆయన స్విచ్‌బోర్డు దేనితో చేశాడంటే, గుర్రబ్బండికి వాడే బోల్టులు, టీ కెటిల్ మూతల పిడులు, ఆడవాళ్ల గౌన్ల లోపల ఆకారం కోసం పెట్టే తీగ. చేతికి దొరికినవన్నీ కలిపి చేసిన సరుకు. ఒకేసారి రెండు సంభాషణలు మాత్రమే నడిచేవి. దాంట్లో ప్లగ్గులు లేవు, మీటలు తిప్పి ఒక లైన్‌ని ఇంకో లైన్‌కి కలపడమే.

21 మందికి మీటలు సరిపోతాయి. వందల మందికి? ఊళ్లో వాడేవాళ్లు పెరిగేకొద్దీ బోర్డు పెద్దదైపోతుంది, ఆపరేటర్ చెయ్యి ఆ చివరి దాకా చాలదు. అక్కడ వస్తాడు మన కథలో అసలు మనిషి, చార్లెస్ స్క్రిబ్నర్. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీరు. నాలుగు వందలకి పైగా పేటెంట్లు ఉన్న మనిషి, కానీ ఎడిసన్, బెల్ పేర్లు తెలిసినంతగా ఈయన పేరు ఎవరికీ తెలియదు. నేను నాలుగేళ్లు ఈసీఈ చదివాను, ఒక్క పుస్తకంలో కూడా ఈయన కనబడలేదు. స్విచ్‌బోర్డు కోసం ఈయన చేసిన స్ప్రింగు కనెక్టరు మడత చాకులా ఉండేదట. ఇంగ్లీషులో ఆ చాకుని జాక్‌నైఫ్ అంటారు. మనం ఈరోజు 'ఆడియో జాక్' అంటున్న మాటలో జాక్ అక్కడి నుంచి వచ్చిందే అని చెప్తారు.

ఇప్పుడు కొంచెం జాగ్రత్తగా వినండి, మిగతా ఎపిసోడ్ అంతా దీని మీదే ఉంది. ఆ రోజుల్లో మీ ఇంట్లో ఫోన్ ఉంటే పక్కన ఒక హ్యాండిల్ ఉండేది. దాన్ని గిర్రున తిప్పితే కరెంట్ పుట్టి, తీగ వెంట ఎక్స్‌ఛేంజ్‌కి వెళ్లేది. అక్కడ మీ పేరున ఒక చిన్న విద్యుదయస్కాంతం, దాని ముందు ఒక చిన్న మూత. కరెంట్ రాగానే మూత టక్కున కిందపడి వెనకాల మీ నంబర్ కనబడేది. దాన్ని డ్రాప్ అనేవాళ్లు. ఆపరేటర్ అది చూసి, మీ నంబర్ కింద ఉన్న రంధ్రంలో ప్లగ్ గుచ్చి, 'నంబర్ చెప్పండి' అని అడిగేది.

ప్లగ్ గుచ్చిన క్షణంలో రెండు పనులు జరగాలి. ఒకటి, ఆపరేటర్ మీ లైన్‌కి కలవాలి. రెండు, ఆ డ్రాప్ అయస్కాంతం మీ లైన్ నుంచి విడిపోవాలి. దాని పని అయిపోయింది కాబట్టి, ఇంకా లైన్‌కి అతుక్కుని ఉంటే మీ మాటల కరెంట్‌లో కొంత అదే తినేస్తుంది. రెండు పనులకి రెండు స్విచ్చులు పెడితే, గంటకి వందల కాల్స్ కలిపే ఆపరేటర్ ఎక్కడో ఒకచోట రెండోది మర్చిపోతుంది. అందుకని జాక్ లోపల ఒక స్ప్రింగు రేకు పెట్టారు. ప్లగ్ లేనప్పుడు ఆ రేకు వెళ్లి డ్రాప్ తాలూకు కాంటాక్టుకి ఆనుకుని ఉంటుంది. ప్లగ్ లోపలికొస్తే, దాని కొస ఆ రేకుని పక్కకి తోసేస్తుంది. డ్రాప్ తెగిపోతుంది, ప్లగ్ కలుస్తుంది. ప్లగ్ తీస్తే రేకు దానంతట అదే వెనక్కి వచ్చి మళ్లీ డ్రాప్‌కి ఆనుకుంటుంది. ఆపరేటర్ గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు.

డ్రాప్ అన్న చోట స్పీకర్ అని పెట్టి ఇంకోసారి చదవండి. మీ ఇయర్‌ఫోన్ జాక్ అదే.

అప్పుడూ ఇదే జబ్బు ఉండేది. రేకు వెనక్కి రాకపోతే మీ ఇంట్లోంచి హ్యాండిల్ ఎంత తిప్పినా అక్కడ మూత పడదు. మీ ఫోను బాగానే ఉంటుంది, తీగ బాగానే ఉంటుంది, ఎక్స్‌ఛేంజ్‌కి మాత్రం మీరు పిలుస్తున్నట్టు తెలియదు.

మన దగ్గరికి ఈ బోర్డులు ఆలస్యంగా ఏమీ రాలేదు. 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్‌ఛేంజీలు లాంఛనంగా మొదలయ్యాయి. న్యూ హేవెన్ తర్వాత సరిగ్గా నాలుగేళ్లకి, అదే తారీకున. కాకతాళీయమే అనుకోండి. అప్పటికి కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. వేరే ఊరికి ఆపరేటర్ సాయం లేకుండా నేరుగా డయల్ చేసే ఎస్టీడీ మొదటిసారి 1960లో లక్నో, కాన్పూర్ మధ్య వచ్చింది. మిగతా ఊళ్లకి అది నెమ్మదిగా పాకింది. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, ట్రంక్ కాల్ బుక్ చేసి పోస్టాఫీసులో గంటలకొద్దీ కూర్చున్న కథ ఒకటైనా ఉంటుంది. ఆ కాల్ కలిపిన ఆపరేటర్ చేతిలో ఉన్నది కూడా ఈ ప్లగ్గే.

ఆ ప్లగ్గు లావు పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. గిటార్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య వైరు ఎప్పుడైనా చూస్తే ఆ లావు ప్లగ్గు గుర్తుండే ఉంటుంది. అది అచ్చంగా స్విచ్‌బోర్డు నుంచి వచ్చిన సైజే. ప్లగ్గు భాగాల పేర్లు కూడా అక్కడివే. కొసని టిప్ అంటారు, మధ్యలో ఉన్న పట్టీని రింగ్, వెనకాల పొడుగు భాగాన్ని స్లీవ్. టెలిఫోన్ లైన్ వాళ్లు ఇప్పటికీ రెండు తీగల్ని టిప్, రింగ్ అనే పిలుస్తారు. ప్లగ్గులు మాయమైనా పేర్లు మిగిలాయి.

తర్వాత రేడియో వచ్చింది. 1910 ప్రాంతంలో నథానియేల్ బాల్డ్విన్ అనే ఆయన అమెరికాలోని యూటాలో, ఇంట్లో వంటగది టేబుల్ మీద హెడ్‌ఫోన్లు తయారుచేసి నౌకాదళానికి అమ్మాడు. ఆయన కథ చాలా పెద్దది, ఇక్కడ వదిలేస్తున్నాను. మన రేకుకి మళ్లీ పని దొరికింది ట్రాన్సిస్టర్ రేడియోలతో. 1954లో అమెరికాలో రీజెన్సీ టీఆర్-1 అనే జేబు రేడియో వచ్చింది, దానికి ఇయర్‌ఫోన్ పెట్టుకునే ఏర్పాటు ఉండేది. చిన్న రేడియోకి పావు అంగుళం ప్లగ్గు ఎక్కడ పడుతుంది? ప్లగ్గు సైజు తగ్గుతూ వచ్చి, చివరికి 3.5 మిల్లీమీటర్లది నిలబడింది. సైజు తగ్గింది గానీ లోపల ఏర్పాటు మారలేదు. ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కి వెళ్లే కరెంట్ జాక్‌లో ఉన్న రేకు మీదుగానే వెళ్తుంది. ఇయర్‌ఫోన్ గుచ్చితే రేకు లేస్తుంది, స్పీకర్ దారి తెగుతుంది. ఆఫీసు డ్రాయర్‌లో ట్రాన్సిస్టర్ పెట్టి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్‌తో క్రికెట్ కామెంటరీ విన్న తరం ఈ రేకు మీద ఆధారపడే బతికింది.

వీడియోలో నా చేతిలో ఉన్నది చూశారు కదా, చదివేవాళ్ల కోసం చెప్తాను. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ ఉంది, ఎలక్ట్రానిక్స్ సామాన్లకి పేరున్న చోటు. అక్కడ ఈ 3.5 జాక్‌లు చిల్లర డబ్బులకే దొరుకుతాయి. నేను తెచ్చింది ఐదు కాళ్లది. ఒక కాలు గ్రౌండ్. రెండు కాళ్లు ఎడమ, కుడి రేకులు. మిగతా రెండూ, ప్లగ్ లేనప్పుడు ఆ రేకులు ఆనుకునే కాంటాక్టులు. మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి ఎడమ రేకుకీ దాని కాంటాక్టుకీ ఆనించాను, బీప్ వచ్చింది. ప్లగ్ గుచ్చాను, బీప్ ఆగింది. తీశాను, మళ్లీ వచ్చింది. 140 ఏళ్ల నాటి ఐడియా, చిల్లర ధరకి.

ఈ రకం జాక్ ఎలా చెడుతుందో గమనించండి. ఎడమకి ఒక రేకు, కుడికి ఇంకో రేకు. గాలిలో తేమకి, చెమటకి కాంటాక్టు మీద పొర పడుతుంది. రేకు బిగువు తగ్గుతుంది. రెండూ ఒకే రోజు చెడవు. అందుకే పాత టేప్ రికార్డర్లలో, టూ-ఇన్-వన్‌లలో ఇయర్‌ఫోన్ తీశాక ఒక పక్క స్పీకరే పోయేది, లేదా గరగరమంటూ వచ్చేది. మళ్లీ గుచ్చి తీస్తే కాసేపు బాగుండేది. ఎందుకంటే గుచ్చడం, తీయడం వల్ల ఆ పొర కొంచెం గీకుడు పడుతుంది. ఈ చిట్కా ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలుసు.

ఒక వింత విషయం చెప్తాను. 3.5 స్టీరియో ప్లగ్గుని ప్రపంచమంతా పాకించింది సోనీ వాక్‌మన్. 1979 జులై 1న జపాన్‌లో మొదటి మోడల్ అమ్మకానికి వచ్చింది. అందులో ఒకటి కాదు, రెండు హెడ్‌ఫోన్ జాక్‌లు ఉండేవి, ఇద్దరు కలిసి వినడానికి. కానీ స్పీకర్ లేదు! స్పీకర్ లేనప్పుడు దాన్ని ఆపాల్సిన అవసరమే లేదు. అంటే ఈ ప్లగ్గుని ఇంటింటికీ చేర్చిన వస్తువుకి మన రేకు సమస్యే లేదన్నమాట.

సరే, ల్యాప్‌టాప్‌కి వద్దాం. మొదట్లో ల్యాప్‌టాప్‌లలో కూడా రేకు మీదుగా స్పీకర్‌కి కరెంట్ పంపే పద్ధతి ఉండేది. తర్వాత అది కుదరకుండా పోయింది. కారణం నాకు భలే నచ్చింది. ల్యాప్‌టాప్ స్పీకర్ చిన్నది, బ్యాటరీ వోల్టేజీ తక్కువ. తక్కువ వోల్టేజీతో గట్టి సౌండ్ రావాలంటే స్పీకర్‌కి వెళ్లే రెండు తీగల్నీ ఎదురెదురుగా ఆడించాలి. ఒకటి పైకి వెళ్తే రెండోది కిందికి. దాన్ని బ్రిడ్జ్ పద్ధతి అంటారు. హెడ్‌ఫోన్‌లో అలా కాదు, ఎడమకీ కుడికీ కలిపి ఒకటే గ్రౌండ్, ప్లగ్గు వెనకాల ఉన్న స్లీవ్. ఈ రెండు రకాల్ని ఒకే జాక్‌లోని రేకుతో అటూ ఇటూ మార్చడం కుదరదు. అందుకని స్పీకర్లకి ఒక ఆంప్లిఫయర్, హెడ్‌ఫోన్‌కి ఇంకొకటి విడిగా పెట్టారు. మరి జాక్‌లో రేకు ఏం చెయ్యాలి? దానికి ఒకటే పని మిగిలింది, ప్లగ్ ఉందో లేదో చిప్‌కి చెప్పడం.

ఇదివరకు రేకు తానే స్పీకర్‌ని ఆపేది. ఇప్పుడు రేకు కబురు చెప్తుంది, ఇంకెవరో ఆపుతారు. ఈ మార్పు దగ్గరే మన జబ్బు రూపం మారిపోయింది.

2004లో ఇంటెల్ హై డెఫినిషన్ ఆడియో అనే ప్రమాణం విడుదల చేసింది. దాని ముందున్నది 1997 నాటి ఏసీ'97. ఈ 2004 నాటి పద్ధతి, ఇరవై ఏళ్లు దాటినా, చాలా ల్యాప్‌టాప్‌లలో ఇంకా నడుస్తోంది. సౌండ్ చిప్ చాలావాటిలో తైవాన్ కంపెనీ రియల్‌టెక్‌ది, దాని లోగో ఎండ్రకాయ. ఈ ప్రమాణంలో జాక్‌ని కనిపెట్టే పద్ధతి చూస్తే, ఇంజనీర్లు ఎంత పిసినారులో అర్థమవుతుంది. పిసినారి అన్నది మెచ్చుకుంటూ అన్నమాటే. డెస్క్‌టాప్‌లో అయితే ముందొక జాక్, వెనక మూడు జాక్‌లు, ఇలా చాలా ఉంటాయి. ఒక్కో జాక్‌కి చిప్ మీద ఒక్కో కాలు కేటాయిస్తే కాళ్లు చాలవు. అందుకని నాలుగు జాక్‌లకి కలిపి ఒకటే కాలు ఇచ్చారు, సెన్స్ అని. ఒక్కో జాక్ స్విచ్‌కి ఒక్కో విలువ ఉన్న రెసిస్టర్ కట్టారు. 39.2 కిలో ఓమ్స్, 20, 10, 5.1. చూశారా, ఒకదానికొకటి దాదాపు సగం. ఏ జాక్‌లో ప్లగ్ పడితే ఆ రెసిస్టర్ సెన్స్ తీగకి కలుస్తుంది. రెండు జాక్‌లలో పడితే రెండూ ప్యారలల్‌లో కలుస్తాయి. ఏ కాంబినేషన్ అయినా మొత్తం విలువ వేరుగా వస్తుంది కాబట్టి, చిప్ ఆ ఒక్క కాలు మీద కొలిచి ఏ ఏ జాక్‌లలో ప్లగ్గులు ఉన్నాయో చెప్పేస్తుంది. బీటెక్ ఫస్ట్ ఇయర్‌లో ప్యారలల్ రెసిస్టర్ లెక్కలు ఎందుకని విసుక్కున్నవాళ్లకి ఇది అంకితం.

చిప్‌కి తెలిసింది. తర్వాత? చిప్ డ్రైవర్‌కి కబురు పంపుతుంది, ఫలానా జాక్‌లో ఏదో మారిందని. డ్రైవర్ మళ్లీ చిప్‌ని అడుగుతుంది, ఇప్పుడు ఉందా లేదా అని. ఉంది అంటే స్పీకర్ పిన్‌ని మ్యూట్ చేస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్తుంది. సిస్టమ్ వాల్యూమ్ బొమ్మ మారుస్తుంది. ప్లగ్ తీసినప్పుడు ఇదంతా వెనక్కి జరగాలి. రేకు, చిప్, డ్రైవర్, సిస్టమ్. ఈ నలుగురిలో ఎవరు నిద్రపోయినా స్పీకర్ మూగదే. ఇక్కడ నిద్ర అని ఊరికే అనలేదు. ఇయర్‌ఫోన్ పెట్టి ఉండగా మూత మూశారు, ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లింది, అప్పుడు వైరు లాగారు. లేచాక డ్రైవర్ జాక్‌ని మళ్లీ అడిగి చూసుకోవాలి. ఏదైనా డ్రైవర్ అడగకపోతే, పడుకునే ముందు ఏముందో అదే ఇంకా ఉందనుకుంటుంది.

డ్రైవర్ రాసేవాళ్ల బాధ కూడా చెప్పాలి. ఏ పిన్‌కి ఏ జాక్ కట్టారో కంపెనీ వాళ్లు బయాస్‌లో రాసిపెట్టాలి. చాలామంది తప్పుగా రాస్తారు, లేదా సగం రాస్తారు. లినక్స్‌లో రియల్‌టెక్ చిప్‌ల కోసం ఒక ఫైల్ ఉండేది, అది పదివేల లైన్లు దాటిపోయింది. దాంట్లో బారెడు జాబితా, ఈ మోడల్ ల్యాప్‌టాప్ అయితే ఇలా సర్దు, ఆ మోడల్ అయితే అలా సర్దు అని. నేను జాబ్‌లో ఉన్నప్పుడు పెద్ద పెద్ద కోడ్ బేస్‌లు చూశాను, కానీ ఇంత ఓపిక ఎక్కడా చూడలేదు. మీ ల్యాప్‌టాప్‌లో ఇయర్‌ఫోన్ తీయగానే సౌండ్ స్పీకర్‌కి మారుతోందంటే, వెనకాల ఎవరో మీ మోడల్ పేరు మీద ఒక లైన్ రాసి ఉండొచ్చు.

ఇప్పుడు ఈ ఎపిసోడ్ చెయ్యడానికి అసలు కారణం. లాక్‌డౌన్ టైమ్‌లో నరసరావుపేటలో మా పిన్ని పిల్లలు, అన్నాచెల్లెళ్లు, ఇద్దరూ ఒకే ల్యాప్‌టాప్‌తో ఆన్‌లైన్ క్లాసులు వినేవాళ్లు. ఒకరోజు స్పీకర్లు ఆగిపోయాయి. షాపుకి పట్టుకెళ్తే, మదర్‌బోర్డు పోయింది, మార్చాలి, తొమ్మిది వేలు అవుతుందన్నారు. బాబాయి అద్దె ఆటో నడుపుతాడు, ఆ నెలల్లో ఆటో ఇంటి ముందే నిలబడి ఉంది. తొమ్మిది వేలు అనే మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇద్దరూ ఒకే ఇయర్‌ఫోన్ పంచుకున్నారు, తనకి ఎడమ చెవి, చెల్లికి కుడి చెవి. అలా దాదాపు ఎనిమిది నెలలు. చెల్లికి వేరే క్లాస్ ఉన్న రోజు ఎవరో ఒకరు మానెయ్యడమే.

బాగుచేసింది ఎవరో తెలుసా? బజార్లో పాత రేడియోలు, టీవీలు రిపేర్ చేసే ఒక పెద్దాయన. వీడు వెళ్లింది ఇంట్లో రిమోట్ బాగుచేయించడానికి. మాటల్లో ల్యాప్‌టాప్ సంగతి చెప్పాడు. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న, 'ఇయర్‌ఫోన్ పెడితే వస్తోందా బాబూ?' వస్తోందండీ అన్నాడు. 'అయితే బోర్డుకేం కాలేదు. ఇయర్‌ఫోన్ ఇంకా లోపలే ఉందనుకుంటోంది అది. తీసుకురా.' మర్నాడు తీసుకెళ్తే, మెషీన్ ఆపించి, ఒక పాత ప్లగ్గుకి క్లీనింగ్ లిక్విడ్ పూసి, గుచ్చుతూ తిప్పుతూ తీస్తూ ఓ పాతికసార్లు చేశాడట. ఆన్ చేస్తే సౌండ్ వచ్చేసింది. యాభై రూపాయలు తీసుకున్నాడు.

ఆయనకి హై డెఫినిషన్ ఆడియో ప్రమాణం తెలియదు, సెన్స్ పిన్ తెలియదు. టూ-ఇన్-వన్ జాక్‌లో రేకు అంటుకుపోవడం తెలుసు. షాపులో డయాగ్నొస్టిక్ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు బోర్డు మార్చమన్నారు. వాళ్లది మోసమే అని నేను అనను. బోర్డులోనే జాక్ సోల్డర్ చేసి ఉంటుంది కాబట్టి, వాళ్ల లెక్కలో జాక్ చెడితే బోర్డు చెడినట్టే. కానీ ఆ లెక్కకి మూల్యం ఎనిమిది నెలలు ఆ పిల్లలు కట్టారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇలాంటిదే ఖరీదైన మెషీన్లలోనూ జరిగింది. 2006 నుంచి దాదాపు పదేళ్లు మ్యాక్‌బుక్‌లలో హెడ్‌ఫోన్ జాక్ లోపలే ఆప్టికల్ డిజిటల్ అవుట్‌పుట్ కూడా ఉండేది. అంటే ఒకే రంధ్రంలోంచి కరెంటూ వస్తుంది, వెలుగూ వస్తుంది. ఏ రకం ప్లగ్ గుచ్చారో తెలుసుకోవడానికి లోపల ఇంకో బుల్లి స్విచ్ ఉండేది. అది ఇరుక్కుంటే, ఇయర్‌ఫోన్ తీశాక జాక్‌లోంచి ఎర్రటి లైట్ కనబడేది. ఆప్టికల్ వైరు గుచ్చారని మెషీన్ అనుకునేది, సౌండ్ సెట్టింగ్స్‌లో స్పీకర్ల బదులు డిజిటల్ అవుట్ అని ఉండేది, సౌండ్ అంతా ఆ ఎర్ర వెలుగులో గోడ మీదకి పోయేది. ప్రపంచమంతా జనం దానికి వాడిన పనిముట్టు పళ్లు కుట్టుకునే పుల్ల. లోపల పుల్లతో మెల్లగా నొక్కితే స్విచ్ టక్కుమని వెనక్కి వచ్చేది. 2016 మ్యాక్‌బుక్ ప్రోలో ఆప్టికల్ తీసేశారు.

సరే, మీ మెషీన్‌కి ఈ జబ్బు వస్తే ఏం చెయ్యాలి? ముందు చూడాల్సింది, రెండు స్పీకర్లూ ఒకేసారి ఆగాయా, ఒకటే ఆగిందా. కొత్త మెషీన్లలో కబురు చెప్పే స్విచ్ ఒకటే, కాబట్టి ఆ స్విచ్ జబ్బయితే రెండూ కలిసే ఆగుతాయి. ఒకటే ఆగితే అది వేరే కథ, స్పీకరో దాని తీగో చూడాలి. తర్వాత ఇయర్‌ఫోన్ గుచ్చుతూ తీస్తూ స్క్రీన్ మీద సౌండ్ బొమ్మ చూడండి. మారుతోందా? మారుతూ కూడా స్పీకర్ రాకపోతే రేకు బాగానే ఉంది, తేడా పైన ఉంది, డ్రైవర్‌లోనో సెట్టింగ్స్‌లోనో. అసలు మారకపోతే రేకు అంటుకుని ఉండొచ్చు, లేదా డ్రైవర్ నిద్రపోతూ ఉండొచ్చు.

డ్రైవర్‌ని లేపడానికి రీస్టార్ట్ చెయ్యండి. షట్‌డౌన్ చేసి ఆన్ చెయ్యడం కాదు, రీస్టార్ట్. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినప్పుడు సిస్టమ్ లోపలి భాగాన్ని పూర్తిగా ఆపకుండా డిస్క్‌లో దాచుకుని, మర్నాడు అలాగే తీసి పెడుతుంది. డ్రైవర్ తప్పుడు నమ్మకం కూడా దాంతోపాటే భద్రంగా వస్తుంది. రీస్టార్ట్‌లో అలా దాచదు. 'నేను రోజూ ఆపి ఆన్ చేస్తూనే ఉన్నా' అనేవాళ్లకి ఇదే సమాధానం.

అవుట్‌పుట్‌లో స్పీకర్స్ సెలెక్ట్ చెయ్యమని చాలామంది చెప్తారు. బ్లూటూత్ లేదా యూఎస్‌బీ హెడ్‌సెట్ వాడి తీసినప్పుడు అది కరెక్టే, అవి విడిగా వేరే సౌండ్ డివైజ్‌లు. 3.5 జాక్ విషయంలో మాత్రం చాలా ల్యాప్‌టాప్‌లలో స్పీకర్, హెడ్‌ఫోన్ రెండూ ఒకే పేరుతో కనబడతాయి. సెలెక్ట్ చేసుకోవడానికి రెండోది ఉండదు. లినక్స్ వాడేవాళ్లయితే అల్సామిక్సర్ తెరిచి ఆటో మ్యూట్ అనేదాన్ని డిజేబుల్ చేసి చూడండి. స్పీకర్ మోగితే మీ స్పీకర్ బతికే ఉందని తేలిపోయింది. కానీ దాన్ని అలాగే వదిలేస్తే ఇయర్‌ఫోన్ పెట్టినా స్పీకర్ మోగుతూనే ఉంటుంది, ఆఫీసులో జాగ్రత్త. విండోస్ వాళ్లు పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ లైవ్‌గా బూట్ చేసి చూడొచ్చు. అందులో సౌండ్ వస్తే రేకుకి ఏమీ కాలేదు, విండోస్ వైపు డ్రైవర్ తీసి మళ్లీ వేసుకోండి.

రేకే అంటుకుందని తేలితే, పెద్దాయన చేసిన పనే. మెషీన్ పూర్తిగా ఆఫ్ చేసి, మొబైల్ రిపేర్ వాళ్లు ఐపీఏ అనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని ప్లగ్గుకి కొద్దిగా పూసి, గుచ్చి తిప్పి తీయండి. జాక్‌లో పొయ్యకండి. పూర్తిగా ఆరాకే ఆన్ చెయ్యండి. పిన్నీసు, సూది లోపల పెట్టకండి, రేకు వంగిపోతే ఇక నిజంగానే షాపుకి వెళ్లాలి. ముందు టార్చ్ వేసి లోపలికి చూడటం కూడా మర్చిపోకండి. చవక ఇయర్‌ఫోన్ల ప్లగ్గు కొస విరిగి లోపలే ఉండిపోతుంది ఒక్కోసారి. అప్పుడు మెషీన్ నమ్మేది నిజమే, అందులో సగం ప్లగ్ ఉంది! ఇవన్నీ చేసినా కాకపోతే జాక్ ఒక్కటే మార్చమని అడగండి. సోల్డరింగ్ వచ్చిన మనిషికి అది చిన్న పని. జాక్ ధర ఎంతో గుజరాతీ గల్లీ దగ్గర చెప్పాను.

2016 సెప్టెంబర్‌లో ఐఫోన్ 7తో ఆపిల్ ఫోన్‌లో జాక్ తీసేసింది. వేదిక మీద దానికి 'ధైర్యం' అనే పేరు పెట్టారు, జనం చాలాకాలం నవ్వుకున్నారు. తర్వాత మిగతా ఖరీదైన ఫోన్లు కూడా అదే దారి పట్టాయి. ల్యాప్‌టాప్‌లలో మాత్రం జాక్ ఇంకా ఉంది.

వైర్‌లెస్ బడ్స్ వచ్చాక ఈ గొడవ పోయిందనుకుంటారేమో. కొన్ని ఖరీదైన బడ్స్‌లో చెవిలో ఉందో లేదో కనిపెట్టే సెన్సర్లు ఉంటాయి. చెవిలోంచి తీస్తే పాట ఆగాలి, పెడితే మళ్లీ మొదలవ్వాలి. ఆ బుల్లి కిటికీ మీద గుమిలి పేరుకుందనుకోండి, బడ్స్ టేబుల్ మీద ఉన్నా చెవిలోనే ఉన్నామనుకుని పాట పాడుతూనే ఉంటాయి. దానికీ మెత్తటి పొడి గుడ్డతో తుడవడమే మందు.

ఉంటానండీ, వచ్చే వారం కలుద్దాం.